షూటింగ్ మధ్యలో గుండు

శ్రీకర్ ఏం పని చేస్తాడని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఎల్బీనగర్‌లో వాళ్లుండే కిరాయి ఇంటి ఓనరు 'పెళ్లిళ్ల వీడియోలు చేసే పిల్లగాడు' అంటాడు. చెల్లెలు సంతోషి 'మా అన్న డైరెక్టరు' అని చెప్పి, నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంటుంది. తల్లి కిష్టమ్మ 'ఏదో కంప్యూటర్ మీద జేస్తడు, కండ్లు పోగొట్టుకుంటుండు' అంటుంది. అందరూ చెప్పేది నిజమే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తీసిన సినిమా ఒక్కటీ లేకుండానే ఆరేళ్లుగా అతను డైరెక్టరు. ఇంకా ముప్పై నిండలేదు, అప్పుడే మెట్లెక్కుతూ మోకాలి మీద చెయ్యి ఆనిస్తున్నాడు. అలసట వయసు చూసి రాదు కదా.

పొద్దున్నే ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతాడు. బస్టాండు వెనక సందులో కింద పాత పుస్తకాల కొట్టు, మొదటి అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగ్, ఆ పైన అతను పనిచేసే స్టూడియో. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు కంప్యూటర్లు, మూలిగే ఏసీ ఒకటి, గోడలకు స్పాంజి అంటించిన అగ్గిపెట్టెంత డబ్బింగ్ గది. కింద లెక్కల మాస్టారు మైకులో చెప్పే పాఠం పొద్దస్తమానం పైకి వినిపిస్తూనే ఉంటుంది. అది వింటూ శ్రీకర్ ఎవరెవరివో పెళ్లిళ్లు, హాఫ్ శారీ ఫంక్షన్లు, షష్టిపూర్తులు కోసి అతికిస్తాడు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు డ్రోన్ ఎగరాలి. తలంబ్రాలు నెమ్మదిగా రాలాలి. పెళ్లికూతురి మేనమామ ప్రతి పాటలోనూ ఒకసారైనా కనపడాలి, లేకపోతే ఫోన్లు వస్తాయి.

ఒకసారి నాగోల్‌లో ఒక పెళ్లికి కెమెరా కూడా తనే పట్టుకోవలసి వచ్చింది. అప్పగింతలప్పుడు పెళ్లికూతురు తండ్రి భుజం మీద పడి ఏడ్చింది. సరిగ్గా అప్పుడే ఫోకస్ పోయింది. అది కనిపెట్టిన పెద్దమనిషి ఒకాయన వెనక నుంచి 'ఇంకోసారమ్మా, కెమెరా వైపు తిరిగి' అన్నాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, కొంగు సర్దుకుని, మళ్లీ తండ్రి భుజం మీద పడి మొదటిసారి కంటే బాగా ఏడ్చింది. వీడియోలో ఉన్నది ఆ రెండో ఏడుపే. చూసిన చుట్టాలంతా కంటతడి పెట్టారట. శ్రీకర్‌కు మాత్రం ఆ రోజు నుంచి తన పని మీద తనకే కాస్త రోత పుట్టింది. రోత పుట్టినా పని మానడానికి లేదు కాబట్టి చేస్తూనే ఉన్నాడు.

సినిమాల గురించి అతనికి మొండి అభిప్రాయాలున్నాయి. మన సినిమాల్లో మనుషులు బస్సు కోసం నిలబడరు, కూరలో ఉప్పెక్కువైందని అనరు, తండ్రులేమో జడ్జీల్లా పేజీలకు పేజీలు మాట్లాడతారు, ఇదీ అతని ఫిర్యాదు. తన తండ్రి అంతయ్య తనతో వరసగా నాలుగు మాటలు మాట్లాడింది ఎప్పుడో అతనికి గుర్తు లేదు. అమ్మ మాట్లాడే భాష తెర మీద వినపడితే ఒకప్పుడు హాలంతా నవ్వేది, చిన్నప్పుడు తనూ నవ్వాడు. ఇప్పుడా భాష హీరోలకు కూడా వచ్చేసింది గానీ, అత్తరు పూసుకున్నట్టు పైపైన పూసుకుంటారు తప్ప అందులో బతకరంటాడు. టీ బండి దగ్గర మొదలుపెడితే గ్లాసు చల్లారిపోయినా ఆపడు. ఓపిగ్గా వినేవాడు మాత్రం ఒక్కడే, కెమెరామన్ వంశీకృష్ణ. వాళ్ల నాన్న తణుకు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో మందుల షాపు పెట్టుకున్నాడు. వంశీ పుట్టి పెరిగింది ఇక్కడే అయినా నోరు తెరిస్తే గోదావరే.

అంతయ్య సంగతి చెప్పాలి. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి బత్తాయి లారీ మీద కొత్తపేట పండ్ల మార్కెట్‌కు వచ్చినవాడు, లారీ తిరిగి వెళ్లిపోయినా తను వెళ్లలేదు. వయసంతా అక్కడే హమాలీగా బుట్టలు మోశాడు. మార్కెట్ ఊరవతలికి తరలిపోయాక అంత దూరం పోలేక, నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేరాడు. అయినా సెలవు దొరికితే కొత్తపేట పోయి, మార్కెట్ ఉండిన చోట రేకుల కంచె ముందు కాసేపు నిలబడి వస్తాడు. ఒకసారి మెట్రోలో పోతూ శ్రీకర్ పైనుంచి చూశాడు. ఒత్తుగా తెల్లటి జుట్టున్న మనిషి చేతులు వెనక్కి కట్టుకుని రేకుల వంక చూస్తున్నాడు. ఎవరో గానీ భలే ఉన్నాడే అనుకున్నాక, ఆయన తన తండ్రేనని తెలిసింది. సినిమా అక్కడే పుట్టింది.

పెద్ద కథేమీ కాదు. లేని మార్కెట్‌కు రోజూ పనికి వచ్చే ఒక ముసలి హమాలీ, అంతే. ముప్పావు గంట సినిమా. హీరో అంతయ్యే. కొడుకు అడిగితే కాదనలేక ఒప్పుకున్నాడు గానీ, కెమెరా ముందు ఏమీ చెయ్యకుండా ఉండటం ఆయనకు పుట్టుకతో వచ్చింది. మంచి మంచి నటులకు అది చేతకాదు. వెనక నుంచి ఎండ ఆ జుట్టు మీద పడితే వంశీ పొంగిపోయేవాడు. "బాబాయ్‌గారూ, షూటింగ్ అయ్యేదాకా ఆ జుట్టు జోలికి మాత్రం వెళ్లకండీ" అని వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. శ్రీకర్ కూడా చెప్పాడు. అంతయ్య తలూపేవాడు.

ముగింపు తప్ప మిగతాదంతా అయ్యాక, మాదాపూర్‌లో ఒక చిన్న ఓటీటీ కంపెనీలో కథలు చూసే తేజస్విని దాన్ని చూసింది. తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదని పేరు. "ముగింపు తీసి నెలాఖరులోగా పంపండి. బాగుంటే మేమే వేస్తాం, మీ తర్వాతి కథ కూడా వింటాం" అంది. శ్రీకర్‌కు ఆ రోజు సంతోషంతో అన్నం సహించలేదు. ఇన్నేళ్లలో ఎవరైనా అతని మొహాన తలుపు వేయకపోవడం అదే మొదలు. ఇది కూడా పోతే ఇంకోసారి మొదలుపెట్టే ఓపిక తనకు లేదని అతనికి తెలుసు. మిగిలింది ఒక్క సీను. రేకుల ముందు ముసలాయన కూర్చుని, తన మార్కెట్ ఇక రాదని ఒప్పుకోవాలి.

ఆ ఒక్కటే తెమలలేదు. కెమెరా పెట్టగానే వాన. వాన తగ్గితే కెమెరా మొరాయింపు. అది బాగైతే మూసారాంబాగ్ బ్రిడ్జి దగ్గర వంశీ బండి మీద నుంచి పడి మణికట్టు బెణికించుకున్నాడు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. కొడుకు బుగ్గలు లోపలికి పోతుంటే కిష్టమ్మ చూసింది, మిషన్ మీద జాకెట్లు కుడుతూ ఆలోచించింది, చివరికి కారణం కనిపెట్టింది.

శ్రీకర్ పాలు తాగే వయసులో మెదడుకు జ్వరమొచ్చి, దవాఖానలో ఆశ వదులుకొమ్మన్నప్పుడు, పిల్లాడు బతికితే తలనీలాలు ఇస్తానని అంతయ్య యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నాడు. పిల్లాడు బతికాడు. మొక్కు ఉండిపోయింది. ఒక ఏడు బత్తాయి సీజను, ఒక ఏడు ఇంట్లో మైల, ఆ తర్వాత ఉత్త మరుపు. తీరని మొక్కు నెత్తి మీద ఉంటే ఏ పనీ ముందుకు సాగదని కిష్టమ్మ నమ్మకం. సాగనిది కళ్ల ముందే కనపడుతోందాయె.

ఒక ఆదివారం మధ్యాహ్నం శ్రీకర్ ఇంటికి వచ్చేసరికి గడప పక్కన కుర్చీలో అంతయ్య కూర్చుని ఉన్నాడు. నున్నటి గుండు, దాని నిండా గంధం. కిష్టమ్మ పులిహోర పొట్లం విప్పుతోంది. శ్రీకర్ చెప్పులు విడవడం మరిచిపోయాడు.

"ఏంది నాయినా గిది?"

"గుట్టకు పోయొచ్చినం బిడ్డా."

"షూటింగ్ మధ్యల ఎవరన్న గుండు గీకిచ్చుకుంటరా? జుట్టు తియ్యొద్దని ఎన్నిసార్లు జెప్పిన?"

అంతయ్య భార్య వంక చూశాడు. కిష్టమ్మ అందుకుంది. "కటింగ్ జేయించుకోవద్దన్నవ్. సామికి ఇయ్యొద్దన్నవా? మొక్కు నెత్తి మీద వెట్టుకొని సినిమా ఎట్ల అయితది? అన్నిటికి అడ్డమే పడుతుండె. ఇగ సూడు, ఎట్ల ముంగటికి పోతదో."

"అమ్మా, సినిమా అంత జుట్టున్న మనిషి ఆఖర్ల గుండుతోటి ఎట్ల కూసుంటడే?"

"సినిమాలల్ల విగ్గులుండవా?"

నెలాఖరు ముంచుకొస్తోంది, జుట్టేమో నెలాఖరు చూసి పెరగదు. శ్రీకర్ లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడుపు రాలేదు. కోపం కూడా సరిగ్గా రాలేదు. తన మేలు కోరి చేసిన పనే తన కొంప ముంచితే ఎవరి మీద అరుస్తాడు?

విగ్గు ముచ్చట కూడా తీరింది. నాటకాల డ్రెస్సులు కిరాయికిచ్చే చోటు నుంచి వంశీ ఒకటి పట్టుకొచ్చాడు. అది పెట్టుకుంటే అంతయ్య కిరీటం పోగొట్టుకున్న రాజుగారిలా ఉన్నాడు. సంతోషి నవ్వి నవ్వి మంచం మీద పడింది. అద్దంలో చూసుకుని అంతయ్య కూడా నవ్వాడు. శ్రీకర్ నవ్వలేదు, లేచి వీధిలోకి వచ్చేశాడు. వెనకే వంశీ వచ్చాడు.

"రేయ్, ఒకటి చెప్పనా? గుండుతో ఉన్న మనిషిని చూస్తే జనం ఏమనుకుంటారు? ఎవరో పోయారనుకుంటారు. అనుకోనీ. మార్కెట్ పోతే కన్నతల్లి పోయినట్టు గుండు చేయించుకొచ్చాడు ముసలాయన. అంతకంటే క్లైమాక్స్ ఏం కావాల్రా నీకు?"

శ్రీకర్ నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. తను రాసుకున్న ముగింపు దీని ముందు దిగదుడుపే. చిక్కల్లా ఒక్కటే, ఈ మాట ఇంట్లో చెప్పలేడు. కొడుకు బతికినందుకు ఇచ్చిన జుట్టు అది. దాన్ని చావు గుండుగా చూపించడమంటే ఆ చావును కొడుకు మీదికే పిలవడమని కిష్టమ్మ అంటుంది, ఇంట్లో గోల చేస్తుంది. అందుకని చెప్పలేదు. షూటింగ్ పొద్దున, చలవకని మళ్లీ గంధం పూసుకున్న తండ్రితో "గంధం కడుక్కో నాయినా, ఎండకు మెరుస్తది" అని మాత్రం అన్నాడు. అంతయ్య మారుమాట లేకుండా బకెట్ దగ్గరికి నడిచాడు. శ్రీకర్‌కు సిగ్గేసింది. సిగ్గేసినా ఆగలేదు.

కొత్తపేటలో కెమెరా రోడ్డుకు ఇవతల పెట్టారు. అవతల రేకుల ముందు గట్టు మీద అంతయ్య. మధ్యలో బస్సులు, ఆటోలు. ఆయన చొక్కా లోపల చిన్న మైకు ఉంది, ఇక్కడ శ్రీకర్ చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. "ఏం జెయ్యకు, ఉత్తగ కూసో" అని చెప్పాడు, ఆయన ఉత్తగా కూర్చున్నాడు. ఎండ గుండు మీద పడుతోంది. వంశీ కెమెరాలోంచి కన్ను తియ్యలేదు, అంత బాగుంది.

అంతలో ఎవరో ఫ్రేములోకి వచ్చారు. సంచీ పట్టుకుని పోతున్న మనిషి అంతయ్యను దాటి పోయి, ఆగి, వెనక్కి వచ్చి పక్కన కూలబడ్డాడు. భిక్షపతి. మార్కెట్‌లో అంతయ్యతో పాటు బుట్టలు మోసినవాడు. కెమెరా సంగతి అతనికి తెలియదు. ఆపమంటావా అన్నట్టు వంశీ చూశాడు. వద్దని శ్రీకర్ చెయ్యెత్తాడు.

"ఏందే అంతన్నా ఇది? ఎవరు పోయిండ్రు?" భిక్షపతి గొంతులో నిజంగానే దుఃఖం ఉంది.

శ్రీకర్ హెడ్‌ఫోన్స్ చెవులకు అదుముకున్నాడు. తను కూర్చుని రాసినా ఇంత బాగా రాయలేడు. ఇప్పుడు నాయిన ఏమీ అనకుండా రేకుల వంక చూస్తే చాలు, సినిమా పూర్తయినట్టే.

అంతయ్య నవ్వాడు. "ఎవరు పోలే తమ్మీ. మా పోరడు బతికిండు."

"ఏమైందే పోరనికి?"

"సంటోడప్పుడు జెరమొచ్చె. డాక్టర్లు చేతులెత్తేసిండ్రు. గుట్టకు మొక్కుకున్న. బతికిండు."

"గప్పటి ముచ్చటనా? గిన్నేండ్లకా తీర్చుడు?"

"ఏం జెయ్యాలె మరి. బతికినోడు రోజు కండ్ల ముంగట తిరుగుతుంటె మొక్కు యాదికొస్తదా? గీ నడుమ జర పరేషాన్ల ఉన్నడు. తినడు, పండడు. మా ఆమె యాది జేసింది, నాకు బుగులయింది. ఆనికేమన్న అయితె నేనుండి ఏం లాభం?"

తర్వాత ఇద్దరూ బత్తాయి ధరలోకి దిగారు. శ్రీకర్ హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని కాసేపు బస్సుల వంక చూస్తూ నిలబడ్డాడు. తండ్రి నోట తన గురించి ఇన్ని మాటలు వినడం అదే మొదటిసారి. అవైనా తనతో అన్నవి కావు.

శ్రీకర్ ఆ సంగతి వంశీకి చెప్పాడు. వంశీ పని తెలిసినవాడు, పని మాటే మాట్లాడాడు. "దూరం నుంచి తీసిందే కదరా. పెదాలు కనపడవు. ఆయన అడిగిన ప్రశ్న అలాగే ఉంచు. బాబాయ్‌గారి జవాబు డబ్బింగ్‌లో మార్చేద్దాం. నన్ను సాకిన తల్లి పోయింది అనిపించు చాలు. అంత దూరం నుంచి నవ్వేదో ఏడుపేదో ఎవడికి తెలుస్తుంది?"

ఇది లోకంలో లేని మోసమేమీ కాదు. ఒకరి మొహం, ఇంకొకరి గొంతు, వేరెవరో రాసిన మాట, తరతరాలుగా మన సినిమాలు అలాగే నడిచాయి, మనమంతా ఈలలు కూడా వేశాం. శ్రీకర్ తనకు తాను ఇలాగే నచ్చజెప్పుకుని తండ్రిని దిల్‌సుఖ్‌నగర్ తీసుకొచ్చాడు.

డబ్బింగ్ గదిలో హెడ్‌ఫోన్స్ ఆ బోడి తల మీద నిలవక జారుతున్నాయి. అంతయ్య ఒక చేత్తో పట్టుకుని, చెప్పవలసిన మాట విన్నాడు.

"నేను గట్లనలే గద బిడ్డా?"

"సినిమాల గట్లనే ఉంటది నాయినా."

"అంటే, నాది సావు గుండన్నట్టా?"

శ్రీకర్ కంప్యూటర్ మీద నుంచి కళ్లెత్తకుండా "ఆ" అన్నాడు. అంతయ్య కొడుకు మొహాన్ని కాసేపు చూశాడు. లోపలికి పోయిన ఆ బుగ్గల్లో ఏం కనపడిందో, ఇంకేమీ అడగలేదు. "చెప్పు, ఎట్లనాలె?" అన్నాడు.

ఒక్కసారికే వచ్చేసింది. "నన్ను సాకిన తల్లి పోయింది తమ్మీ." వినడానికి గుండె పిండినట్టుంది. "బాబాయ్‌గారూ, చంపేశారండీ" అని వంశీ లేచి నిలబడ్డాడు.

ఇంటికి పోతానని అంతయ్య బయలుదేరాడు. మెట్రో దాకా దిగబెడదామని శ్రీకర్ వెనకే వచ్చాడు. మెట్ల మలుపులో అంతయ్య ఆగాడు, వెనక కొడుకున్న సంగతి చూసుకోలేదు. రెండు చేతులూ గుండు మీద పెట్టుకుని, గోడ వైపు తిరిగి, "నర్సింహసామీ, గది సినిమా మాట. నిజం గాదు. పోరని మీద పెట్టకు" అన్నాడు. చెంపలు వేసుకుని మళ్లీ దిగసాగాడు.

శ్రీకర్ మెట్టు మీదే కూర్చుండిపోయాడు. ఇన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కోచింగ్ పిల్లలు పుస్తకాలు పట్టుకుని అతన్ని తప్పుకుంటూ పోయారు. ఏ పరీక్షో పోయిందనుకుని ఉంటారు. మొహం తుడుచుకుని పైకి వెళ్లి, తండ్రి రోడ్డు మీద అన్న అసలు మాటలు మళ్లీ పెట్టేశాడు. వంశీ తిట్టాడు, బతిమాలాడు, చివరికి తలుపు విసిరేసి పోయి, టీ తాగి, తిరిగి వచ్చి పక్కనే కూర్చున్నాడు. సినిమా అలాగే తేజస్వినికి వెళ్లింది.

వారం తిరగకముందే ఆమె ఫోన్ చేసింది. "అంతా బాగుందండీ. ముగింపే అతకలేదు. మార్కెట్ కథ కదా, ఆయన అంత సంతోషంగా ఎందుకున్నాడు? మధ్యలో ఈ కొడుకు గొడవేంటి? ఆ ఒక్క మాట మార్చి పంపండి, నేను ఒప్పిస్తాను."

మార్చడానికి కొత్తగా చేయవలసిందేమీ లేదు. ఆ మాట కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది. శ్రీకర్‌కు అది కావాలనిపించింది. నోరెండిపోయేంతగా కావాలనిపించింది. "మార్చలేనండీ" అన్నాడు. "సరే, మీ ఇష్టం. మళ్లీ ఏదైనా ఉంటే చెప్పండి" అని ఆమె మర్యాదగానే పెట్టేసింది. కంప్యూటర్ మీద ఎవరిదో పెళ్లి ఊరేగింపు, బారాత్, ఆగి ఉంది. శ్రీకర్ దాన్ని ముందుకు నడిపించాడు.

సాయంత్రం ఇంట్లో అంతయ్య డ్యూటీకి పోయే ముందు అన్నం తింటున్నాడు.

"ఏమన్నరు బిడ్డా కంపెనీవాళ్లు?"

"వద్దన్నరు నాయినా."

కిష్టమ్మ మిషన్ ఆగిపోయింది. అంతయ్య ముద్దను పళ్లెంలోనే వదిలేశాడు. మెల్లగా అడిగాడు. "నా గుండు వల్లనేనా?"

"కాదు నాయినా. ఆళ్లకు వేరే తీరు కథ కావాల్నట. గుండు మంచిగున్నదన్నరు."

అంతయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. భార్య వంక, విన్నావా అన్నట్టు చూశాడు. ముద్ద మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అయితె ఇంకోటి తియ్యి బిడ్డా. నాకు జుట్టు జల్ది పెరుగుతది."